నాయన పెట్టెకు మాత్రమే ఉన్న పిడి

నాకు అనుమానం ఎక్కువ. ఎవరైనా "ఊరికే వచ్చినా" అంటే, ఊరికే రాలేదనే అనుకుంటాను. ఆ ఆదివారం చిన్నాయన కోడుమూరు నుంచి కల్లూరులోని మా ఇంటికి "ఊరికే" వచ్చాడు. మంచినీళ్లు కూడా తాగకుండా నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

నేను ఇంట్లోనే ఉండి వెబ్ పేజీలు తయారుచేస్తాను. అప్పుడు చేస్తున్నది మా సొంత పనే. తాత పోయాక నాయన, చిన్నాయన చెరి సగం పంచుకున్న చేనును మళ్లీ కలిపి ప్లాట్లు వేస్తున్నారు. రోడ్డు వైపుది చిన్నాయన భాగం. ఒప్పందం మీద ఆయన సంతకం ఇంకా కాలేదు. ఆయన కాదంటే వెనకున్న మా భాగానికి దారి లేదు. దారి సంగతి అట్లుంచి, పంపకాల నాటి నుంచి ముఖాలు చూసుకోని అన్నదమ్ములు ఒకరింటికొకరు రావడం దీనివల్లే మొదలైంది. అది చెడిపోతుందేమోనని నా భయమంతా.

ఆ ప్లాట్లు అమ్మడానికి చేస్తున్న పేజీలో రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టాను. ఎడమన నాయన ప్లాట్లు, కుడిన చిన్నాయనవి. చూసేవాళ్లు కావలసినంత వెడల్పు చేసుకుంటారని పేజీ రూపురేఖలు రాసే సీఎస్ఎస్‌లో ఎడమ పెట్టెకు రీసైజ్ అన్న మాట రాశాను. అది రాస్తే పెట్టె కింది మూలన చిన్న ఏటవాలు గీతలు వస్తాయి. మౌస్‌తో వాటిని పట్టి లాగితే ఆ పెట్టె సాగుతుంది, పక్కది ఆ మేరకు ఒదుగుతుంది. పక్కపక్కన ఉన్నవాటికి అట్లా లాగే పిడి ఒకటి చాలు కదా అనుకున్నాను.

చిన్నాయన ఆ గీతల్ని చూసి లాగాడు. నాయన పెట్టె సాగింది. ఆయన ప్లాట్లు నలిగి నలిగి అంచున సన్నటి పట్టీ అయిపోయాయి.

"ఏందిమ్మా ఇది? నా ప్లాట్లు యాడికి పాయ?"

"యాడికీ పోలే చిన్నాయనా. వెనక్కి జరిపితే వస్తాయి."

ఆయన తన పెట్టె మూలన కూడా వెతికాడు. అక్కడ గీతలు లేవు.

"మీ నాయన దానికి పిడి ఉండాది. నాదానికి లేదే? ఆయప్ప జరుపుకుంటా వస్తాంటే నేను చూస్తా కూసోవాల్నా?"

"అయ్యో, ఇది తెర మీద! చేను జరుగుతుందా?"

"చేన్లో గట్టు గూడా ఒక్క రోజులో జరగదులేమ్మా."

నాకు ఒళ్లు మండింది. ఓహో, ఎవరో ఆయన భాగానికి విడిగా ఎక్కువ ధర చెప్పినట్టున్నారు, జారుకోవడానికి సాకు వెతుకుతున్నాడనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా పేజీ దొరికింది పాపం! పక్కనే మంచం మీద కూర్చున్న నాయన వైపు చూశాను. ఇట్లాంటి మాటకు తమ్ముణ్ణి నాలుగు తిట్టే మనిషి. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "గట్టు సంగతి ఇప్పుడెందుకప్పా? నేనేం జరపలే" అన్నాడు.

నువ్వు జరిపినావని ఎవరన్నారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. నా అనుమానం చిన్నాయనను వదిలి నాయన మీద వాలింది. అది నాకే భరించరానిదిగా ఉండింది.

"శానా బాగుండాది పేజీ" అని చిన్నాయన లేచాడు. "సంతకం సంగతి తర్వాత చూస్తాం." షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

నేను పేజీ మార్చడానికి కూర్చున్నాను. పెట్టెలు ఒకదాని కింద ఒకటి పెట్టి, దేని పిడి దానికి ఇచ్చాను. నాయన వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"జరిపినావా నాయనా?"

"జరిపిందేముంది? దున్నినప్పుడల్లా ఒక నాగటి సాలంత గట్టును చెక్కుకుంటా పోయినా. అందరూ చేసేదే" అన్నాడు. మళ్లీ తెర మీద తన పెట్టె చూపిస్తూ, "అది ఇంతకు మించి సాగకుండా హద్దు పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. ఒక్క మాట రాస్తే సరి."

"అయితే నాదానికి పెట్టు. వానికి ఫోన్ చేయి."

స్పీకర్ పెట్టి ఇచ్చాను. నాయన ఫోన్ మీదికి వంగాడు.

"రేయ్, పొద్దున చేను కాడికి రా. మన నాయన పాతిన హద్దురాయి యాడ ఉండాదో నాకు తెల్సు. గట్టు దాటి నీ పక్కకొచ్చినా."



"నాకూ తెల్సు అన్నా" అన్నాడు చిన్నాయన ఆటో చప్పుడులోంచే. "నువ్వు చెప్తావేమోనని ఇన్నేండ్లు చూసినా."