లాప్‌టాప్‌కి పెట్టిన బొట్టు

ఈ రోజు మా ఆయనకి ఇంట్లోనే ఆన్‌లైన్ పరీక్ష. ఇది పాసైతేనే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పని ఇస్తారు. ఎక్కడో కూర్చున్న సారు కెమెరాలోంచి కాపలా కాస్తారట. గదిలోకి ఇంకెవరూ రాకూడదట.

నా వంతు పనులు నేనూ చేశాను. కుక్కర్ పొద్దున్నే దించేశాను. పక్కింటివాళ్ల టీవీ ఆపించాను. మా కంచరపాలెంలో రైళ్లను మాత్రం ఆపలేకపోయాను. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, కొత్త లాప్‌టాప్ కదా అని పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. తెర పైఅంచున నడిమధ్యలో చిన్న చుక్క ఉంది. బొట్టు కోసమే ఆ గుర్తు పెట్టారనుకున్నాను. ఆయన కూడా ఆ బొట్టుని కళ్లకద్దుకునే కూర్చున్నారు.

కాసేపటికి లోపల సారు గొంతు వినిపించింది.

"మీ ముఖం కనపడట్లేదు. అంతా చీకటిగా ఉంది. ఐదు నిమిషాల్లో సరిచేయకపోతే పరీక్ష రద్దు."

ఆయన కంగారుగా వైర్లు పీకి మళ్లీ పెడుతున్నారు. ఆ చుక్కే కెమెరా అని నాకు అప్పుడర్థమైంది. కొత్తవాళ్ల ముందు నోరు విప్పని దాన్ని, ఒక్క పరుగున వెళ్లి కొంగుతో ఆ బొట్టు తుడిచేశాను.

"ఎవరమ్మా మీరు?" అన్నారు సారు.

"బొట్టెట్టింది నానేనండి. ఆయన తప్పేటీ నేదండి!"

సారు నవ్వేసి, నన్ను బయటికి పంపి, గదంతా మళ్లీ చూపించమని చెప్పి పరీక్ష మొదలుపెట్టించారు.

అయ్యాక మా ఆయన, "మా అమ్మకాడే నోరెత్తవు, ఆ సారుతో ఏటే అంత గట్టిగా మాటాడీసినావు?" అన్నారు.

ఫలితం ఇంకా రాలేదు. పాసైతే ఆయన చదువు, ఫెయిలైతే నా బొట్టు. మీ ఇళ్లలోనూ ఇంతేనా?