మొగిలన్న కోసం కట్టిన సైకిల్

కోరుట్ల బస్టాండు వెనక సందులో సామేలుకు ఒక రేకుల షెడ్డు ఉండేది. చూడడానికి పంక్చర్లు వేసే దుకాణమే గానీ, దాని ముందు నిలబెట్టిన సైకిళ్ళు ఊళ్ళో ఇంకెక్కడా కనిపించేవి కావు. పిల్లలు రెండేళ్ళు తొక్కి, గేర్లు పాడయ్యాక ఇంటి వెనక పడేసిన లావు టైర్ల గేరు సైకిళ్ళను అతను వెతికి తెచ్చేవాడు. ఒకదాని చక్రం, ఇంకొకదాని గేరు, మరొకదాని సీటు కలిపి మళ్ళీ ఒక సైకిల్ కట్టేవాడు. చివరగా, పొట్టేలు కొమ్ముల్లా ముందుకు పోయి కిందికి వంగిన హ్యాండిల్ బిగించేవాడు. కొమ్ముల సైకిల్ అంటే కోరుట్లలో అందరికీ తెలుసు. అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పే నాకు కూడా సామేలు కట్టిన సైకిలే ఉండేది.

సామేలు తల్లిదండ్రులు మల్లాపూర్ దగ్గరి ఊళ్ళో కూలి పని చేసేవారు. గుంటెడు భూమి లేదు. చెరుకు కొట్టే రోజుల్లో ముత్యంపేట ఫ్యాక్టరీకి పోయే బండ్ల వెంట నడిచి నడిచి పెరిగాడు. పెళ్ళయిన మూడో ఏడు భార్య పుష్పను తల్లి దగ్గర వదిలి షార్జా పోయాడు. అక్కడ వీధుల్లో చెత్త ఎత్తే పని. చెత్త డబ్బాల పక్కన మంచి మంచి సైకిళ్ళు పడి ఉండేవి. చిన్న లోపానికే పారేసేవాళ్ళు. వాటిని చూస్తే అతనికి మనసు ఆగేది కాదు. ఒకరోజు ఒకదాన్ని భుజాన వేసుకొని కూలీలు ఉండే క్యాంపుకు తెచ్చాడు.

ఆ క్యాంపులో అతని పక్క మంచం మొగిలిది. సిరిసిల్ల మనిషి, సామేలు కంటే పన్నెండేళ్ళు పెద్ద. చిన్నప్పటి నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసినవాడు, సాంచా ఆగితే తానే విప్పి బాగుచేసుకున్నవాడు. సామేలు తెచ్చిన సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి అన్నాడట: "గిది సచ్చిపోలే తమ్మీ. దీన్ని ఇడిసిపెట్టిండ్రు గంతే."

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం సెలవు పూట ఇద్దరూ క్యాంపు వెనక కూర్చొని సైకిళ్ళు విప్పేవారు. గేరు తీగ ఎంత బిగించాలో, చక్రం వంకర ఎట్లా తీయాలో సామేలుకు చేయి పట్టి నేర్పింది మొగిలే. వంగిన హ్యాండిల్ ఒకటి దొరికినప్పుడు దాన్ని లావు టైర్ల సైకిలుకు పెట్టి చూద్దామన్నదీ అతనే. ఆ సైకిల్ మీద ఇద్దరూ వంతులవారీగా సముద్రం ఒడ్డుదాకా పోయి వచ్చారు. "ఊరికి పోయినంక మనకు చెరొకటి ఉండాలె. కోరుట్ల నుంచి నువ్వు, సిరిసిల్ల నుంచి నేను బయలెల్లాలె. ఏములాడ గుడి కాడ కలుసుకోవాలె," అనేవాడు మొగిలి.

ముందుగా ఇల్లు చేరింది మొగిలే. దమ్ము రోగం ఎక్కువై పని చేయలేకపోయాడు. ఏడాది తర్వాత సామేలు కూడా వచ్చి షెడ్డు వేసుకున్నాడు. సరిగ్గా ఆ కాలంలోనే తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు రోడ్ల మీదికి వచ్చాయి.

2011 ఎండాకాలంలో మొగిలి కోరుట్ల వచ్చాడు. బస్సు దిగి షెడ్డుదాకా నడవడానికి మూడు చోట్ల ఆగాడు. కొమ్ముల సైకిళ్ళను ఒక్కొక్కటే తడిమి చూసి, "నాకేది?" అన్నాడు.

"కడుతనే. అన్నిట్ల మంచిది కడుత," అన్నాడు సామేలు.

మొగిలి వెళ్ళాక, గడపలో కూర్చొని బీడీలు చుడుతున్న పుష్ప అడిగింది: "గా మనిషి నాలుగు అడుగులు ఏస్తెనే ఎగపోసుకుంటున్నడు. సైకిల్ ఏం తొక్కుతడు?"

"తొక్కకపోతే మాయె. ఇంటి ముంగట పెట్టుకొని చూసుకుంటడు."

ఆ సైకిల్ కోసం సామేలు పడిన పాట్లు నాకు తెలుసు. బాడీకి పాత రంగు గీకించి ఆకుపచ్చ రంగు వేయించాడు. మొగిలి ఎక్కువ వంగలేడని హ్యాండిల్‌ను నాలుగు వేళ్ళు పైకి లేపాడు. అంతా అయ్యాక బ్రేకుల దగ్గర ఆగిపోయింది. "కొమ్ముల హ్యాండిల్ లివర్ తీగను జరంతనే గుంజుతది సార్. గీ సైకిల్ బ్రేకుకు ఎక్కువ గుంజాలె. పట్టీ పట్టనట్టు పడుతున్నది," అని నాకు చూపించాడు. పాతకాలం బ్రేకులు ఇంకో రకం ఉంటాయి, అవైతే సరిపోతాయి, వాటి కోసం వెతుకుతున్నాను అన్నాడు.

నెలలు గడిచాయి. మొగిలి ఫోన్ చేసి అడిగేవాడు: "ఎట్లున్నదట్ల ఇయ్యరాదు తమ్మీ. నేనేమన్న గుట్టలు దిగుతనా?"

"బ్రేకులు లేని సైకిల్ నీకిస్తనా అన్న? జర ఆగు."

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బళ్ళు మూతపడ్డాయి. మేము టీచర్లం రోజూ దీక్షా శిబిరంలో కూర్చునేవాళ్ళం. సామేలు పొద్దున ఒక గంట వచ్చి నినాదాలిచ్చి షెడ్డుకు పోయేవాడు. తర్వాత బస్సులు కూడా బందయ్యాయి. అప్పుడు కోరుట్ల అంతా పాత సైకిళ్ళు దులిపి బయటికి తీసింది. షెడ్డు ముందు తెల్లవారేసరికే వరుస. దవాఖానకు పోయేవాళ్ళు, పాలు పోసేవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి పోయేవాళ్ళు. ఎవరినీ రేపు రమ్మనలేకపోయాడు. మొగిలి సైకిల్ మూలకు పోయి గోడకు ఆనింది. దాని మీద గోనెసంచి కప్పారు. ఆ వరుసలో నా సైకిల్ కూడా ఉంది. చెయిన్ తెగిందని నేనే తొందర పెట్టాను.

బతుకమ్మ పండుగ రోజుల్లో జగిత్యాల పాత సామాన్ల దుకాణంలో అలాంటి బ్రేకులు ఉన్నాయని తెలిసి సామేలు తొక్కుకుంటూ పోయి తెచ్చాడు. ఆ మధ్యాహ్నం దుకాణానికి వచ్చినవాళ్ళను మొదటిసారి వెనక్కి పంపాడు. సాయంత్రానికి బ్రేకులు పడ్డాయి. వెంటనే ఫోన్ చేశాడు.

"అయ్యిందే అన్న. రేపు నేనే తొక్కుకుంట తెస్త."

"బస్సులు లేవు గదరా, గంత దూరం ఎట్ల తొక్కుతవ్?"

"గందుకే గద కట్టింది."

మొగిలి నవ్వబోయి దగ్గాడట. చాలాసేపు దగ్గి, "రా మరి. చూస్తుంట," అన్నాడట.

మర్నాడు ఏడు గంటలకు సామేలు బయలుదేరాడు. కథలాపూర్, రుద్రంగి దాటాడు. దారి పొడుగునా బస్సు లేదు, లారీ లేదు. సైకిల్ గాలిలా పోయిందని, ఎక్కడ నొక్కితే అక్కడ ఆగిందని తర్వాత చెప్పాడు. చందుర్తి దాటాక ఒక ఊరి ముందు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. అప్పటికి పది అయింది. సైకిల్‌ను చూసి జనం చుట్టూ మూగారు.

"ఏ దేశపుదే గిది?"

"మన కోరుట్లదే," అన్నాడు సామేలు, గర్వంగా.

తిని పొమ్మన్నారు. తెలంగాణ అన్నం కాదంటావా అన్నారు. కూర్చున్నాడు. అన్నం ఉడకడానికి గంట పట్టింది. ఈలోగా గేర్లు ఎట్లా మారుతాయో చూపించాడు, అటూ ఇటూ తొక్కి చూపించాడు. ఎన్నడూ అంతమంది తన పనిని మెచ్చుకోలేదు. తిని లేచేసరికి పదకొండున్నర.

ఒంటిగంటన్నరకు సిరిసిల్ల చేరాడు. మొగిలి ఇంటి ముందు మనుషులు నిలబడి ఉన్నారు. సైకిల్ దిగకముందే అతనికి అర్థమైంది.

మొగిలి భార్య రత్నమాల అతన్ని చూసి ఏడ్చింది. "పొద్దుగాలనే అరుగు మీద కుర్చీ ఎయ్యుమన్నడు తమ్మీ. సామేలు అస్తుండు, నన్ను లోపలికి తీస్కపోకుండ్రి అన్నడు. పన్నెండున్నరకు దగ్గు అందుకున్నది. ఆటో తెచ్చేదాక గూడ ఆగలే. గింత ఆలస్యం ఎందుకైంది?"

సామేలు సైకిల్‌ను అరుగు పక్కన నిలబెట్టాడు. "పంక్చర్ అయ్యింది వదినె," అన్నాడు.

సాయంత్రం మానేరు ఒడ్డుకు తీసుకుపోయారు. పాడె ముందు పట్టుకుపోయే నిప్పు కుండ వెనకే సామేలు నడిచాడు. సైకిల్ అరుగు పక్కనే ఉండిపోయింది.

మూడో రోజు మొగిలి కూతురు మనీషా దాన్ని తానే ఉంచుకుంటానన్నది. డిగ్రీ చదువుతూ సెలవుల్లో బట్టల దుకాణంలో పనికి పోయేది. రెండడుగులు తొక్కి దిగి, "కాకా, గీ వంగిన హ్యాండిల్ నాతోని కాదు. సీదాది పెట్టిస్తవా?" అని అడిగింది.

సిరిసిల్లలోనే ఒక మామూలు హ్యాండిల్ కొన్నాడు. నెలల తరబడి తిప్పి తిప్పి అమర్చినదాన్ని ఆ వాకిట్లో కూర్చొని ఒక గంటలో విప్పేశాడు. ఆ లివర్లు తీసేశాక జగిత్యాల బ్రేకులకూ పని లేకపోయింది. వేరేవి వేశాడు. మనీషా ఒక చుట్టు తొక్కి వచ్చి, "మంచిగున్నది కాకా," అన్నది.

సమ్మె ముగిసి బడి తెరిచాక నేను ఒకరోజు షెడ్డుకు పోయాను. ఇదంతా అప్పుడే చెప్పాడు. తినకుండా పోయి ఉంటే పన్నెండుకే చేరేవాణ్ణని, అరగంట అన్న చేతుల్లో సైకిల్ ఉండేదని, అదే మాట మూడుసార్లు చెప్పాడు. నా చెయిన్ సంగతి గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఏడాది మాసికానికి సామేలు, పుష్ప ఇద్దరూ సిరిసిల్ల వెళ్ళారు. భోజనాలయ్యాక రత్నమాల ఒక్కతే ఉన్నప్పుడు, దాచుకోలేక, పంక్చర్ కాలేదని చెప్పేశాడు. రోడ్డు మీద కూర్చున్నది, సైకిల్ చూపించుకున్నది, అన్నీ చెప్పాడు. ఆమె చేతిలోని ఇస్తరాకులు కింద పెట్టింది.

"గది నాకు చెప్పకపోతే మంచిగుండు తమ్మీ," అన్నది. "పంక్చరే అనుకొని బతుకుతుంటి."

లోపలికి పోయి గిన్నెలు సర్దుకున్నది. తిరుగు బస్సులో పుష్ప, "చెప్పకుంట ఉండలేకపోతివా?" అని అడిగింది.

ఆ తర్వాత అతను కొమ్ముల సైకిల్ కట్టలేదు. పంక్చర్లు వేసేవాడు, చెయిన్లు మార్చేవాడు. తెలంగాణ వచ్చిన రోజు సందులో అందరితో పాటు రంగు చల్లుకున్నాడు, మిఠాయి పంచాడు. ఆ ఏడు చివర్లో మనీషా పెళ్ళి కార్డు వచ్చింది. కార్డు మీద పుష్ప పేరు ఒక్కటే రాసి ఉంది. పుష్ప ఒక్కతే వెళ్ళి వచ్చింది.