మెదక్ కట్టెకోత మిషన్ వెనక మొలిచే పుట్టగొడుగులు

పోయినేడు అమ్మ పోయింది. ఆమె వండే పుట్టగొడుగుల కూర మళ్లీ తినాలన్న కోరిక మాత్రం నన్ను వదల్లేదు. హైదరాబాద్‌లో ప్యాకెట్లలో దొరికే ఆయిస్టర్ పుట్టగొడుగులతో మూడుసార్లు వండితే మూడుసార్లూ ఏడ్చినట్టే ఉంది. నా చిన్నతనంలో నాన్న ఉద్యోగం మెదక్‌లో. మేం అద్దెకున్న ఇంటి పక్కనే కట్టెకోత మిషన్ ఉండేది. వానలు పడగానే దాని వెనక నానిన మామిడి మొద్దుల మీద తెల్లటి పుట్టగొడుగులు గుత్తులుగా మొలిచేవి. పిన్ని వరసతో మేం ఖాలా అని పిలిచే మిషన్ వాళ్లింటి జుబేదా అవి కోసి పంపితే, అవి ఉడికేటప్పుడు అమ్మ గిన్నెలో తన వెండి మెట్టె వేసేది. మెట్టె నల్లబడకపోతే విషం లేనట్టేనని ఆమె నమ్మకం. ఆ మిషన్ వెనక మొలిచినవి ఇంకొక్కసారి తినాలని మొన్న ఆగస్టులో బయల్దేరాను.

జూబ్లీ బస్టాండులో ఏడు గంటలకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు చార్జీ లేదు. నర్సాపూర్ అడవి చూడాలంటే కిటికీ సీటు పట్టుకోండి. కౌడిపల్లి దాటాక వాన అందుకుంది. పదింటికల్లా మెదక్‌లో దిగి ఆటో అడిగాను.

"గా పాత కట్టె మిషినా? కూసోండ్రక్కా, యాభై ఇయ్యుండ్రి."

"నలభై ఇస్తా."

"గింత వానల బేరమా? సరే, రాండ్రి."

మిషన్ వాళ్లింట్లో ఖాలాకు ఇప్పుడు చూపు మందగించింది. గొంతు విని గుర్తుపట్టింది. "సుజాత బిడ్డవు గదా! నాకు కండ్లు సరిగ్గ కనవడవు. నువ్వే కోసుకరా, చేతిల వెట్టు, చెప్త."

వారం రోజులు వీడియోలు చూసిన పండితురాలిని, ధీమాగా వెళ్లాను. మొదట తెచ్చిన చిన్న విసనకర్రల్లాంటివాటిని ఖాలా వంచి చూసింది. "తోలు లెక్క సాగుతున్నది, మీద నూగున్నది. గివి కావు." పరువు పోయింది. రెండోసారి తెచ్చినవాటి అడుగున వేలితో రాసింది. "గీతలు కాడ మీదికి దిగినయి. కాడ పక్కకున్నది. మెత్తగ విరిగింది. గివే!" నాకు నోట్లో నీళ్లూరాయి.

"ఏ మొద్దు మీద కోసినవ్?"

"గోడ పక్కది."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "పారెయ్, బేటా. దానికి మావోడు చెదల మందు కొట్టిండు."

మిగతా మొద్దుల మీద ఏమీ లేవు. ఏడుపొచ్చింది. "మెట్టె వేసి చూద్దామా, ఖాలా?" అన్నాను, చిన్నపిల్లలా.

ఆమె నవ్వింది. "మెట్టెతోని ఏం తెలుస్తది, పిచ్చిదానా? మీ అమ్మకు నమ్మకమని నేనేం అనలే. ముందుగాల నేను వండుకొని తినేదాన్ని. నాకేం గాకుంటే తెల్లారి గదే మొద్దు మీదియి మీకు పంపేదాన్ని. ఇంట్ల చిన్నపిల్లలుంటిరి గదా."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఖాలా కోడలు కోడిగుడ్ల కూర వండింది. తిని నాలుగింటి బస్సెక్కాను.

అమ్మ తన మెట్టె మమ్మల్ని కాపాడిందనే నమ్మి పోయింది. ఈ సంగతి ఆమెకు చెప్పలేకపోయానన్నదే నా బాధ. మీకు నా సలహా ఒక్కటే: పుట్టగొడుగునూ, అది మొలిచిన కట్టెనూ రెండింటినీ ఎరిగిన మనిషి చూసి సరేనంటేనే వండుకోండి. అనుమానముంటే పారేయండి. ముందు నేను తిని చూస్తానని ఎవరైనా అంటే చెయ్యి పట్టుకుని ఆపండి. నేను ఆ చెయ్యి ముప్పై ఏళ్లు ఆలస్యంగా పట్టుకున్నాను.