అద్దాలు విప్పిన బండి

మా మోటారు సైకిలు ఆయుష్షు నెలాఖరుకు తీరిపోతుందనగా, దాని అసలు వేగమెంతో నాకు తెలియదన్న సంగతి మొదటిసారి తట్టింది.

ఢిల్లీ చుట్టుపక్కల పెట్రోలు బండికి పదిహేనేళ్లే గడువు. ఆ తరువాత అది ఇక్కడి రోడ్డెక్కకూడదు. ఈ నిబంధన మీద కోర్టుల్లో ఏదో ఒక వాదన నడుస్తూనే ఉంటుంది. కొన్నాళ్లు గట్టిగా పట్టుకుంటారు, కొన్నాళ్లు చూసీచూడనట్టు వదిలేస్తారు. ఆ వార్తలు చాలావరకు మా పత్రికకు నేనే రాసి పంపాను కాబట్టి, ఆ దోబూచులాటను నమ్ముకుని బండి నడిపే ఓపిక నాకు లేకపోయింది. మిగిలినవి రెండు దారులు. తుక్కుకు ఇచ్చేయడం, లేదా అనుమతి తెచ్చుకుని రైల్లో పార్సిలు వేసి ఈ ప్రాంతం దాటించడం. తెనాలిలో ఉండే మా బావమరిది "నాకు పంపించండి బావగారూ, వాడుకుంటాను" అన్నాడు. వాడి అక్కే ఒప్పుకోలేదు.

"ముసలి బండిని వాడి నెత్తిన పెట్టడమెందుకండీ? రేపు అది మొరాయిస్తే తిట్టేది నన్నే. తుక్కువాడికి చెప్పేయండి" అంది మా ఆవిడ. తుక్కువాడు సోమవారం వస్తానన్నాడు.

ఆమెకు ఆ బండి మీద కోపమేమీ లేదు. ఢిల్లీ శివారులో మేముండే వైశాలి నుంచి బయల్దేరి, దారిలో ఆమెను బడి దగ్గర దించి, నేను రఫీ మార్గ్‌లోని ఆఫీసుకు పోవడం మాకు పదిహేనేళ్ల అలవాటు. వెనక కూర్చున్నంతసేపూ ఆమె నోట ఒకటే మాట, "మెల్లగా." గోతి కనిపించినా, బస్సు కనిపించినా, ఏమీ కనిపించకపోయినా మెల్లగానే. నిజానికి వేగంగా పోవాలన్నా దారేదీ? ఇక్కడ రెండో గేరులోంచి మూడో గేరుకు పోవడమే ఒక పదోన్నతి. అక్కడ నాలుగు క్షణాలు నిలవగానే ఎవరో ఒకరు ఎదురుగా రాంగ్ రూటులో వస్తారు.

మా పై అంతస్తులో హనుమకొండ అమ్మాయి ఒకతి అద్దెకుంటుంది. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కింద పార్కింగులో గుడ్డ కప్పి ఉంచే పెద్ద మోటారు సైకిలు ఆ పిల్లదేనని తెలియడానికి మాకు చాలా కాలం పట్టింది. కొన్ని ఆదివారాలు గ్రేటర్ నోయిడా అవతల ఒక ట్రాక్‌కు వెళ్లి పందేల్లో బండి నడిపి వస్తుందట. తుక్కువాడి సంగతి మెట్ల మీద నా నోట విని, ఆ పిల్ల అక్కడే ఆగిపోయింది.

"అంకుల్, గిన్నేండ్లల్ల ఒక్కసారన్న ఫుల్లు తిప్పినరా దాన్ని?"

"ఢిల్లీలో ఎక్కడ తిప్పుతానమ్మా?"

"అయితే ఈ ఆదివారం రాండ్రి. డ్రాగ్ రేస్ ఉంది. ఏం లేదంకుల్, సీదా రోడ్డు. ఇద్దరు పక్కపక్కన నిలబడ్తరు. లైట్ పడంగనే పోవుడు. గీత ముందుగాల ఎవలు దాటితే వాళ్లు గెలిచినట్టు. మలుపుల్లేవు, ఎదురొచ్చేటోళ్లు లేరు."

"నా డొక్కు బండినా?"

"రోజూ ఆఫీసుకు పోయే బండ్లకు అలగ్ క్లాస్ ఉంటది. బ్రేకులు మంచిగుంటే పాలాయన బండినైనా రానిస్తరు."

ఇంట్లో చెబితే పెద్ద గొడవవుతుందనుకున్నాను. మా ఆవిడ చేస్తున్న పని ఆపి నావంక ఒకసారి చూసింది. "నేనూ వస్తాను. పడితే లేపడానికి మనిషి ఉండాలిగా" అంది.

ఆ ఆదివారం పొద్దున మంచు దట్టంగా ఉంది. మేం చేరేసరికి ట్రాక్ అన్నది ఉందని నమ్మడమే తప్ప కనపడలేదు. గోడ అవతల ఆవపొలాల వాసన మాత్రం వస్తోంది. మంచు విడితేగాని మొదలుపెట్టరట. జనం టీలు తాగుతూ బండ్ల చుట్టూ నిలబడ్డారు. మా ఆవిడ స్టీలు డబ్బాలోంచి దిబ్బరొట్టె ముక్కలు తీసి, అల్లప్పచ్చడి వేసి, పై అంతస్తు పిల్లకూ నాకూ పెట్టింది. పక్కన నిలబడ్డ వసంత్ కుంజ్ పళ్ల డాక్టరుకూ ఒక ముక్క ఇచ్చింది. ఆయనది నా బండి లాంటిదే, వయసులో చిన్నది. "ఆంటీ, కమాల్ హై" అని మెచ్చుకుని ఆయన ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు. మాకిద్దరికీ పోటీ పడిందని అప్పటికి తెలియదు.

బండ్లను తనిఖీ చేసే మనిషి టైర్లు నొక్కాడు, గొలుసు కదిపాడు, బ్రేకులు పట్టి చూశాడు. హెడ్‌లైటు మీద టేపు అంటించాడు. తరువాత నా చేతికి స్పానరు ఇచ్చాడు.

"శీషే ఉతార్ దో, అంకల్ జీ."

అద్దాలు విప్పేయమంటున్నాడు. పడితే గాజుపెంకులు దారంతా పరుచుకుంటాయి కదా, అందుకు. నాకు మాత్రం చేయి ఆడలేదు. ఢిల్లీలో అద్దాల్లేని బండి అంటే కళ్లకు గంతలు కట్టుకుని నడిచినట్టే. వెనక ఎవరొస్తున్నారో ఎలా తెలుస్తుందని అడిగాను.

"పీఛే క్యా దేఖ్‌నా హై? యహా తో ఆగే భీ కోయీ నహీ" అని నవ్వాడు. వెనకేముంది చూడటానికి, ఇక్కడ ముందు కూడా ఎవరూ లేరు అని.

విప్పిన అద్దాలు రెండూ మా ఆవిడ తీసుకుని, రుమాల్లో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంది.

ఎండ పొడుచుకొచ్చింది. మంచు పైకి లేస్తుంటే ట్రాక్ కొద్దికొద్దిగా బయటపడింది. నేను అలా చూస్తూ ఉండిపోయాను. నల్లటి, నునుపైన, తిన్నని దారి. దాని మీద మనిషి లేడు, ఆటో లేదు, ఆవు లేదు, బారికేడు లేదు. ఇంత పొడుగు ఖాళీ రోడ్డును ఈ నగరంలో కర్ఫ్యూ నాడు తప్ప నేను చూడలేదు. అది కూడా ఇలాంటి ఖాళీ కాదు. ఆ రోజుల్లో రోడ్డు భయపడి ఖాళీ అవుతుంది. ఈ రోడ్డు మాత్రం ఎవరో వస్తారని పక్క వేసి ఉంచినట్టుంది.

ముందు పెద్ద బండ్లు నడిచాయి. మా పై అంతస్తు పిల్ల తోలు దుస్తుల్లో, హెల్మెట్‌లో ఎవరో తెలియకుండా పోయింది. తడిపిన చోట వెనక చక్రం అక్కడికక్కడే తిప్పి పొగ లేపింది. టైరు వేడెక్కితే నేలను పట్టుకుంటుందట. రబ్బరు కాలిన వాసన గొంతులో దిగింది. తరువాత గీత దగ్గరికి వచ్చి కదలకుండా నిలిచింది. పక్కన దీపాల స్తంభంలో పసుపు దీపాలు వెలిగాయి, ఆ వెంటనే ఆకుపచ్చ.

ఏం జరిగిందో చెప్పడానికి ఇన్నేళ్ల వార్తారచన నాకు అక్కరకు రాలేదు. చప్పుడు ముందు నా పక్కటెముకల్లో తగిలింది, చెవికి ఆ తరువాత చేరింది. పిల్ల ఇక్కడుంది, అంతలో లేదు. దూరంగా ఒక చుక్క వంగి, నిటారైంది. అదే తను. నిన్న సాయంత్రం పెరుగు తోడుకు గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డ పిల్ల.

"ఓరి దేవుడో" అంది మా ఆవిడ, నా చేయి పట్టుకుని. ఆ పట్టులో భయం లేదు. గోపురం ఎత్తు చూసినప్పుడు పక్క మనిషిని పట్టుకుంటామే, అలా పట్టుకుంది.

నా వంతు వచ్చింది. నా పక్క వరసలో పళ్ల డాక్టరు. దీపాల స్తంభం వంక చూస్తూ క్లచ్ పట్టుకున్నాను. పసుపు పడింది. నేను వెళ్లిపోయాను.

ఇందులో ఆలోచించి చేసిందేమీ లేదు. ఢిల్లీ సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ పడేదాకా ఎవరూ ఆగరు. అటువైపు పసుపు పడగానే, లేదా అంకెలు మూడుకు దిగగానే, అందరూ కదులుతారు. ఆగినవాడిని వెనకవాళ్లు హారన్లతో నెడతారు. ఆ అలవాటే నన్ను నడిపించింది. పైగా డాక్టరు బండి నన్ను అందుకుని పక్కకు వచ్చేసరికి నా బొటనవేలు దానంతటది హారను నొక్కింది. ఆ ఖాళీ ట్రాక్ మీద, పోటీ మధ్యలో, "పీం" అని.

తిరిగి వచ్చేసరికి, నేను ముందే కదిలానని చెబుతూ స్తంభం మీద నా వైపు ఎర్రదీపం వెలిగి ఉంది. ట్రాక్ అంచున రక్షణకు పేర్చిన గడ్డిమోపుల దగ్గర కూర్చున్నవాళ్లు ఇంకా నవ్వుతున్నారు. దీపాల దగ్గరి మనిషి నా హ్యాండిలు పట్టుకుని ఆపాడు.

"అంకల్ జీ, యే ఐటీఓ కీ రెడ్ లైట్ నహీ హై. హరీ హోనే దో, ఫిర్ జావో." ఇది ఐటీఓ చౌరస్తా కాదు, ఆకుపచ్చ పడనివ్వండి, అప్పుడు వెళ్లండి అని. మళ్లీ తనే, "ఔర్ హారన్ కిస్కో మారా? డాక్టర్ సాబ్ కో?" అన్నాడు, హారను ఎవరికి కొట్టారు, డాక్టరుగారికా అని.

ఇంకొక్కసారికే అవకాశం ఉంది. మా ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆమె మాత్రం నవ్వడం లేదు.

"గీత రాకుండానే చెయ్యి దించేశారేం?"

"దించలేదే."

"నాకు చప్పుడు తెలియదా? మన సందు మలుపులో ఎలా తగ్గుతుందో అచ్చం అలాగే తగ్గింది. నాలుగో అంతస్తు వంటింట్లోంచి రోజూ వింటున్నదాన్ని. ఆ చప్పుడు తగ్గాకే కదా మీకు పెనం మీద అట్టు పోసేది!"

నేను ఆలోచించాను. నిజమే. గీత కనపడగానే, ఏదో అడ్డొస్తుందన్నట్టు చేయి వదులైంది. అక్కడ అడ్డొచ్చేదేమీ లేదు. పదిహేనేళ్లు ఈ సంగతి నాకు తెలియదు, ఆమెకు వంటింట్లో నిలబడి తెలుసు. ఆ పొద్దున పెద్ద బండ్లను చూసి ఎంత విస్తుపోయానో, ఈ మాటకూ అంతే విస్తుపోయాను.

"నువ్వే కదా మెల్లగా, మెల్లగా అంటావ్" అన్నాను.

"నేను వెనకాల ఉన్నప్పుడు అంటాను. ఇప్పుడు ఉన్నానా వెనకాల?"

"నడుం పట్టేస్తే?"

"జండూబామ్ తెచ్చాలెండి. వెళ్లండి."

పై అంతస్తు పిల్ల నా జాకెట్టు జిప్పు పైకి లాగి, "అంకుల్, గేరు తొందరగ మార్చకుండ్రి. ఇంజను మొత్తుకున్నా మొత్తుకోనియ్యుండ్రి" అంది. బొటనవేలు హారను మీదికి పోకుండా ఆ చోట టేపు ముక్క కూడా అంటించింది.

రెండోసారి ఆకుపచ్చ పడేదాకా ఆగాను. డాక్టరు నాకన్నా ముందే కదిలాడు. ఆయనను నేను చూడలేదు. మొదటి గేరులో రోజూ ఎక్కడ మార్చేస్తానో ఆ చోటు వచ్చింది, దాటింది. ఇంజను మొత్తుకుంది. దాని గొంతు పైకి పోయింది, ఇంకా పైకి పోయింది, నేనెప్పుడూ వినని ఒక సన్నని, బిగువైన స్వరంలోకి వెళ్లి నిలిచింది. రెండో గేరు. మూడో గేరు. పదిహేనేళ్లుగా నా కాళ్ల మధ్య ఉన్న బండిలో ఇంకో బండి దాగి ఉన్నట్టు, అది ఇప్పుడే లేచినట్టు అనిపించింది. గాలి గుండెల మీద చేయి పెట్టి నెడుతోంది. రెండు పక్కలా గడ్డిమోపులు కలిసిపోయి ఒక పసుపు గీత అయ్యాయి. మధ్యలో నల్లటి దారి సన్నబడుతూ నా వైపు వస్తోంది, నేను దాని మీదికి పోతున్నట్టే లేదు. అద్దాలు లేవు. వెనక ఏమీ లేదు. చేయి మళ్లీ వదులవబోయింది, అక్కడ, గీతకు ముందు. వదలలేదు.

దాటాక చాలా దూరం పోయి ఆగాను. ఇంజను ఆపేశాను. వేడికి లోహం టిక్కు టిక్కుమంటోంది. గోడ అవతల ఆవచేలో ఎవరో బోరు మోటారు వేశారు. నేను ఓడిపోయానని బోర్డు చూపుతోంది. బండి దిగకుండా అలాగే కూర్చున్నాను. ప్రమాదాల వార్తలు ఎన్నో రాశాను, వేగం అన్న మాటను ప్రతిసారీ ఒక నేరం పేరులాగే రాశాను. అది ఇంత నిర్మలంగా ఉంటుందని నాకు తెలియదు.

వెనక్కి వస్తే మా ఆవిడ అద్దాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. కొంగుతో తుడుస్తోంది.

"తుక్కువాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పండి."

"ఏం?"

"ఏమిటా చివరి చప్పుడు? నేనెప్పుడూ వినలేదు. లోపల అంత ఉంచుకున్నదాన్ని తూకానికి వేస్తామా?" అని, అద్దాలు నా చేతికిస్తూ, "తమ్ముడికి పంపుదాం" అంది.

అనుమతి వచ్చాక స్టేషనులో పార్సిలు వేశాం. పెట్రోలు తీసేసి, గోనెలు చుట్టి, గడ్డి కుక్కారు. కట్టే మనిషి అద్దాలు విప్పమంటే, ఆమె ముందే విప్పి సంచిలో వేసుకొచ్చానని చూపింది.

వారం తరువాత తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. బండి చేరిందని చెప్పి, "విను అక్కా" అని మా బావమరిది కిక్కు కొట్టాడు. మా ఆవిడ స్పీకరు పెట్టి, స్టవ్ తగ్గించి, తలవంచి వింది. ఇంజను అందుకుంది. కాసేపు మామూలుగా పలికి, పైకి లేవబోతూ గేరు పడి మళ్లీ కిందికి దిగింది. ఫోను తమ్ముడి జేబులోనే ఉన్నట్టుంది, బండి కదిలిన గాలి కూడా వినబడుతోంది.

"అప్పుడే మార్చకురా" అని అరిచింది మా ఆవిడ. "ఇంకా ఉంది దానికి."