సుంకన్న సన్మాన పత్రం

ఓర్వకల్లు దగ్గరి హైస్కూల్లో రికార్డ్ అసిస్టెంటుగా పనిచేసిన సుంకన్నకు జీతం వచ్చింది రిజిస్టర్లు రాసినందుకు. పేరు వచ్చింది మాత్రం సన్మాన పత్రాలు రాసినందుకు. చుట్టుపక్కల ఏ పంతులు రిటైరైనా, ఏ పోస్ట్‌మ్యాన్ దిగిపోయినా, ఫ్రేము కట్టించి స్టేజీ మీద చదివే ఆ కాగితం సుంకన్న రాసిందే అయ్యుండేది.

ఆయన పద్ధతి ఒక్కటే. రాసే ముందు ఆ మనిషి ఇంటికి పోవాలి, అదీ ఆ మనిషి లేనప్పుడు పోవాలి. భార్యనో, ముసలి తల్లినో కూర్చోబెట్టి, ఇచ్చిన మజ్జిగ తాగి, మాట వెంబడి మాట లాగి, ఊళ్లో ఎవరికీ తెలియని సంగతి ఒక్కటి పట్టుకొని రావాలి. అది దొరికేదాకా కలం మూత తీసేవాడు కాదు. బడంతా గడగడలాడించిన లెక్కల మాస్టరు ఇంట్లో భార్యను పక్కన కూర్చోబెట్టుకొని పదో తరగతి పాస్ చేయించిన సంగతి అట్లా బయటపడిందే. అది చదివిన రోజు ఆ మాస్టరు స్టేజీ మీదే అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

ఈ అడిగే జబ్బు రిజిస్టర్ల దగ్గరా ఉండేది. బడిలో చేరే బిడ్డ పుట్టిన తేదీ తల్లికి తెలియకపోతే ఇంకెవరైనా జూన్ ఒకటి అని వేసి పంపించేస్తారు. సుంకన్న వేయడు. ఊరికి పోయి అవ్వను అడుగుతాడు. ఉరుకుంద జాతరకు ముందా, వెనకా? శెనక్కాయలు పీకేటప్పుడా? పాత పంచాంగాలు ముందేసుకొని కూర్చొని తేదీ తేలుస్తాడు. తెలుగు టీచరు తనూజ కొత్తగా చేరినప్పుడు ఆ ఊళ్లన్నీ ఆయన వెంబడి తిరిగింది. అన్నా అన్నా అంటూ అడిగే పద్ధతంతా నేర్చుకుంది. ఇంకెవరికీ నేర్పనిది ఆయన ఆమెకు నేర్పాడు.

పోయినేడు కంప్యూటర్ టీచరు నవీన్ ఫోన్లో ఏఐని అడిగి, రిటైరవుతున్న హెడ్మాస్టరు మీద నిమిషంలో పత్రం రాయించి చూపించాడు. ఈ వయసులో నీకెందుకు ఈ తిప్పలు అన్నాడు. సుంకన్న అద్దాలు పెట్టుకొని చివరిదాకా చదివాడు. భాష బాగుందని ఒప్పుకున్నాడు కూడా.

"ఎవురి గురించప్పా ఇది?" అని అడిగి ఫోన్ తిరిగిచ్చి, ఎప్పటిలాగే హెడ్మాస్టరు ఇంటికి బయల్దేరాడు.

పక్కనే ఉన్న తనూజ పకపకా నవ్వింది. "నీది నేను రాస్తానన్నా. మీ ఇంటికి పోయి, వదిన్ను అడిగి రాస్తా," అంది.

ఆ మాట సుంకన్న మనసులో దాచుకున్నాడు. అరవై దాటిన మనిషి, తన మీద నాలుగు నిజమైన మాటలు వినాలని ఆశపడ్డాడు. ఊరందరికీ రాసిపెట్టినవాడు ఒక్కసారి ఆశపడితే తప్పేముంది?

తన రిటైర్మెంటుకు పది రోజులుందనగా భార్య భీమక్కకు చెప్పాడు. మేడం వస్తుంది, నేను లేనప్పుడే వస్తుంది, అడిగింది చెప్పు, వచ్చినట్టు మాత్రం నాకు చెప్పొద్దు అన్నాడు. చదువు రాని భీమక్క ముందు సిగ్గుపడింది. తర్వాత రోజూ ఆయన అట్లా బడికి పోగానే వాకిలి ఊడ్చి, ఉతికిన చీర కట్టుకొని, గ్లాసులు తోమిపెట్టి కూర్చునేది. సాయంత్రం ఆయన అడగడు, ఆమె చెప్పదు. మేడం వచ్చిపోయే ఉంటుందని సుంకన్న ధీమాగా ఉన్నాడు.

రిటైరయ్యే రోజు బడి ముందు షామియానా వేశారు. శాలువా కప్పారు. తనూజ మైకు ముందుకొచ్చి ఫ్రేము పట్టుకొని చదవడం మొదలుపెట్టింది. అజ్ఞానాంధకారాన్ని పారదోలిన జ్ఞానజ్యోతి అంది. వేలాది మంది విద్యార్థులకు అక్షరభిక్ష పెట్టిన ఆచార్యోత్తముడు అంది. సుంకన్న ఒక్కనాడూ చాక్‌పీసు పట్టి పాఠం చెప్పినవాడు కాదు. ముందు నవ్వొచ్చింది. అసలు సంగతి వెనక వస్తుందిలే అనుకున్నాడు. వెనక క్రమశిక్షణ వచ్చింది, అంకితభావం వచ్చింది, చెరగని చిరునవ్వు వచ్చింది. సుంకన్న మాత్రం రాలేదు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో భీమక్క కొట్టలేదు.

భోజనాల దగ్గర ఆయన తనూజను పక్కకు పిలిచి, మా ఇంటికి పోయినారా మేడం అని అడిగాడు. ఆమె విస్తరి వైపు చూస్తూ చెప్పింది.

"పరీక్షల పని శానా ఉండెనన్నా. ఫోన్లో ఏఐని అడిగితే రెండు నిమిషాల్లో ఇచ్చేసింది. బాగనే ఉండాది గదా, అందరూ మెచ్చుకున్న్యారు. కావాలంటే నీ వివరాలు చెప్పు, మళ్లా రాయించి ఫ్రేము మారుస్తా."

"వద్దు మేడం. నాది నేనే రాసుకుంటా," అన్నాడు సుంకన్న.

నవీన్ చేసుంటే నవ్వి ఊరుకునేవాడు. వాడికి తెలియదు. ఈమెకు తెలుసు. ఆ అవ్వల వాకిళ్లలో తన పక్కనే కూర్చొని, ఒక తేదీ కోసం ఎండలో ఎన్ని మైళ్లు నడవాలో చూసిన మనిషి. తెలిసీ, సుంకన్నకు రెండు నిమిషాలు చాలనుకుంది. ఆయన అన్నం సగంలోనే లేచాడు.

ఇంటికొచ్చి ఫ్రేము గోడకు ఆనించి, తెల్లకాగితం తీసుకొని మంచం మీద కూర్చున్నాడు. పద్ధతి ప్రకారం భీమక్కను ఎదురుగా కూర్చోమన్నాడు. మేడం వచ్చుంటే ఏం చెప్పేదానివో అది నాకు చెప్పు, రాసుకుంటాను అన్నాడు.

భీమక్క ఆయన మొహంలోకి చూసింది.

"అవి నీ ఎదురుగా చెప్పేటివి కాదు," అంది. "ఆయమ్మ అడిగింటే చెప్పేదాన్ని. ఇన్నేండ్లకు నీ గురించి నన్ను అడిగేకి ఒకరొస్తారని పది దినాలు కూచుంటి."

కొంగుతో మొహం తుడుచుకొని లోపలికి పోయింది. సుంకన్న కాగితం మీద తన పేరు రాశాడు. దాని కింద ఏం రాయాలో తెలిసిన మనిషి లోపల పొయ్యి ముట్టిస్తోంది. ఆమెను ఇంకోసారి అడగడానికి ఆయనకు నోరు రాలేదు.