నా ఫోన్‌లో బదిలీ కార్మికుడు

మా చేతుల్లోకి ఫోన్లు, తలల్లోకి పొగరు ఒక్కసారే దిగిన రోజులవి. బెల్లంపల్లిలో డిగ్రీ ఎలాగో గట్టెక్కి, ఒక బట్టల దుకాణంలో కొత్తగా పనికి కుదిరాను. లోకం నన్ను పట్టించుకోకపోయినా ఫోన్‌లోని వ్యవసాయం ఆటలో నేను మొనగాడిని. విత్తనం వేయాలి, పది నిమిషాలకోసారి నీళ్లు పెట్టాలి, కోత కోయాలి. ఎక్కువ పండించినవారి పేరు వారం చివర పట్టికలో మొదట వస్తుంది. (నిజం పొలంలో కలుపేదో వరేదో నాకు తెలియదని మా అవ్వ ఇప్పటికీ అంటుంది.) మా బృందంలో నాకు పోటీ ఒక్కరే, ఇచ్చోడలో బట్టలు కుట్టే అక్క. ఎన్నడూ చూసింది లేదు. ఆట బయట మేం పెట్టుకున్న గ్రూపు చాటింగులో ప్రేమగా "తమ్మీ" అని పిలిచేది, మొదటి స్థానం మాత్రం వదిలేది కాదు.

చిక్కేమిటంటే దుకాణంలో ఫోన్ ముట్టుకోనివ్వరు. అప్పుడే, తెర మీద మనం చూపించిన చోట దానంతటదే నొక్కుతూ ఉండే యాప్ ఒకటి దొరికింది. దానికి ముద్దుగా 'బదిలీ' అని పేరు పెట్టుకున్నాను. బొగ్గుబాయిలో పనిచేసే మా బాపు నోట రోజూ వినే మాటే అది: ఒకడు డ్యూటీకి రాకపోతే ఆ పూటకు వాడి స్థానంలో దిగేవాడు బదిలీ. పొద్దున ఫోన్‌ను చార్జర్‌కు తగిలించి నేను చీరలు మడతపెట్టడానికి పోతే, ఇంట్లో నా బదిలీ సాయంత్రం దాకా పంట కోసేది. ఒకరోజు ఇంటికి వచ్చేసరికి ఫోన్ కింద తడిగుడ్డ, పక్కన విసనకర్రతో అవ్వ.

"పొద్దటిసంది ఒక్కతీరుగ ఒత్తుకుంటనే ఉన్నది బిడ్డా. జరమొచ్చినట్టు కాలిపోతాంది. రేపన్న జర సెలవియ్యరాదు దానికి!"

ఆరు వారాలు మొదటి పేరు నాదే. ఏడో వారం తెర మీద ఒక ప్రకటన: యాంత్రికంగా ఆడినట్టు తేలినందున నా ఖాతా శాశ్వతంగా మూసేశారట! రెండేళ్ల పొలం, కొట్టాలు, నలభై బర్రెలు, అన్నీ మాయం. నాకు ఒళ్లు మండిపోయింది. దొంగతనం చేశానా? ఎవరి పంటైనా కోసుకున్నానా? (మూడు సెకన్లకోసారి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట, మంచినీళ్లకైనా ఆగకుండా తొమ్మిది గంటలు నొక్కే బొటనవేలు మనిషికి ఉండదని వాళ్లు ఇట్టే పట్టేస్తారట. ముందే తెలిస్తే బదిలీకి బువ్వ టైం ఇచ్చేవాణ్ని.)

బాపు నాకంటే ఎక్కువ లేచాడు. "ఎంక్వైరీ లేదు, చార్జిషీటు లేదు, సీదా డిస్మిసా? రాయి బిడ్డా, నేను చెప్త!" బాయిలో సగం మందికి సంజాయిషీలు రాసిపెట్టిన అనుభవం ఆయనది. గంటలో మూడు పేజీలయ్యాయి. "అయ్యా, నేను డ్యూటీలో ఉన్నందున ఆటకు హాజరు కాలేక బదిలీని పెట్టిన మాట వాస్తవం. అతడు నాకంటే బాగా పనిచేసినాడు..." యాప్ పేరు, పెట్టిన తేదీ, రోజుకు ఎన్ని గంటలు, అన్నీ పూసగుచ్చినట్టు రాసి గర్వంగా పంపాం. జవాబు ఒక్క ముక్క: మీరే ఒప్పుకున్నారు కాబట్టి నిర్ణయంలో మార్పు లేదు. మూడు పేజీలకు ఒక్క ముక్కా! అది మనిషే చదివాడో, వాళ్లూ ఒక బదిలీ యంత్రాన్ని కూర్చోబెట్టుకున్నారో!

జాలిపడుతుందని నా గోడంతా ఇచ్చోడ అక్కకు రాశాను. మరునాడు పొద్దున జవాబు వచ్చింది. "తమ్మీ, గీ ఆరు వారాలు నా చెయ్యే మొద్దుబారిందనుకున్న. కుట్టుడు ఆపి ఆడిన. బొటనేలు వాచి సూదిల దారం ఎక్కియ్యస్తలేదు. గట్లయితే నేను ఎవ్వలతోని ఆడినట్టు?"

బాపుకు చదివి వినిపించాను. "బదిలీ దిగితే హాజరు బుక్కుల దిగినోని పేరే రాస్తరు బిడ్డా. నువ్వు పనికి రాకుంటనే నీ పేరు ఏయించుకున్నవ్. గసొంటోన్ని మా బాయిల మేమే పట్టిచ్చేటోళ్లం" అన్నాడు. మరి ఆ ముక్క మూడు పేజీలు రాయించక ముందు గుర్తుకు రావద్దా, అని నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

ఇన్నేళ్లయినా ఆ కంపెనీ జవాబు తలుచుకుంటే నాకు మంటే. నలభై బర్రెలనూ మరచిపోలేదు. కానీ ఇరవై రెండేళ్ల ఆ మొనగాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, పాపం అనిపిస్తుంది. కంపెనీతో కొట్లాడటానికి వాడికి గంట చాలింది. "తప్పయింది అక్కా" అని రాయడానికి మాత్రం పదకొండు రోజులు పట్టింది.