పిస్తోలు బేరం

ఆడమనిషికి పిస్తోలు ఎందుకని తాసిల్దారు అడిగితే, మగమనిషికి ఎందుకో అందుకేనని చెప్పాను. పక్కనున్న గుమాస్తాకు నవ్వొచ్చి దగ్గినట్టు నటించాడు. తాసిల్దారు మాత్రం నవ్వకుండా నా అర్జీ మీద ఏదో రాసుకుని, ఊర్లో విచారణ చేయిస్తానని పంపించేశాడు.

మాది నందికొట్కూరు తాలూకాలో కాలువ పక్క ఊరు. నా భర్త బతికుండగానే ఆయనా, ఆయన తమ్ముడూ భాగాలు పంచుకున్నారు. మా భాగానికి నల్లరేగడి చేను వచ్చింది. నా భర్త విషజ్వరంతో పోయాడు, మాకు పిల్లలు లేరు. అంతటితో ఆ చేను మళ్లీ తనదేనని మా మరిది లెక్క వేసుకున్నాడు. ముండమోసిన దానికి పూటకో సంగటి ముద్ద చాలు, చేనెందుకని నలుగురిలో అన్నాడు కూడా. అన్నవాడు ఊరుకోలేదు. ఆ ఏడు జొన్న కోతకొచ్చిన రోజు, పట్టపగలే పదిమంది మనుషుల్ని దించి సగం చేను కోసుకుపోయాడు. నేను గట్టు మీద నిలబడి అరిచాను. గొంతు పోయిందే కానీ ఒక్క కంకి ఆగలేదు.

మునసబు దగ్గరికి పోతే ఇంటి సంగతి ఇంట్లో చూసుకోమన్నాడు. నాకు ఒకటి అర్థమైంది. వచ్చే కోత కూడా వాళ్లే కోసుకుంటే, చేను వాళ్లదేనని ఊరు ఒప్పేసుకుంటుంది. ఆ తర్వాత ఏ కోర్టు కాగితం తెచ్చినా నాకు మిగిలేది ఆ కాగితమే. అందుకని ఈసారి కోత నేనే కోయాలి, మొత్తం కోయాలి.

నాటు తుపాకి ఎందుకు కాకూడదని అడిగినవాళ్లున్నారు. పందుల్ని కొట్టడానికి మునసబు ఇంట్లో ఒకటి ఉండేది. అందులో మందు పోసి, గుడ్డ కూరి, చువ్వతో దట్టించి, ఎత్తి పట్టుకునేసరికి పంది కూడా పోతుంది. ఇక మనిషి నిలబడి ఉంటాడా? కాలువ చూడటానికి వచ్చే ఇంజనీరు దొర నడుముకు చిన్న పిస్తోలు ఉండేది. నాకు అలాంటిది కావాలి, నా శక్తికి తగిన ధరలో కావాలి.

విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి చావిడిలో కూర్చున్నాడు. ఈమెకు పిస్తోలు ఇస్తే ఎవరికైనా అభ్యంతరమా అని అందరి ముందూ అడిగాడు. మా మరిది లేచి నిలబడ్డాడు.

"ఇయ్యండి సార్. మా వదినకు కాకులు తోలుకునేకి పనికొస్తాది."

చావిడంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వుతూనే, అభ్యంతరం ఎవరికీ లేదని రాసుకున్నాడు. మరిది ఎగతాళి నాకు లైసెన్సు తెచ్చిపెట్టింది. ఆ నవ్వు మాత్రం చాలా రోజులు నా చెవుల్లో ఉండిపోయింది, అబద్ధం చెప్పను.

లైసెన్సు కాగితం చేతికొచ్చాక, ఏది కొనాలో తెలిసినవాళ్లను అడుగుదామని బయలుదేరాను. ముందు నందికొట్కూరులో ఉండే హెడ్డు మామ దగ్గరికి పోయాను. మా నాయన స్నేహితుడు, పోలీసులో హెడ్ కానిస్టేబులుగా చేసి ఇంటి పట్టున ఉన్నాడు. పిస్తోలు అనేసరికి ముసలాయన మీసం సర్దుకున్నాడు.

"ఏది కొన్నా ఒకటే కోడలా. నీకు గొడవ వచ్చే దినం అది నీ కాడ ఉండదు."

"యాడ ఉంటాది మామా?"

"మా స్టేషను బీరువాలో. ఊర్లో గొడవ అయితాదని తెలిస్తే చాలు, లైసెన్సు తుపాకులన్నీ తెచ్చి పెట్టమని మేము ముందే కబురు పంపిస్తాం. లైసెన్సు లేనోళ్లకు ఆ బాధ లేదు. ముప్పై ఏండ్లు చేసిన పనే కదా ఇది."

ఇంత చెప్పి ఆయన తృప్తిగా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఇదేం చట్టమని అడిగితే, చట్టం తను చేయలేదని, బీరువా తాళం మాత్రం తన దగ్గర ఉండేదని అన్నాడు. అయినా పిస్తోలు సంగతి కర్నూల్లో సాయిబుకు తెలిసినంత ఎవరికీ తెలియదని, పోయి చూడమని చెప్పాడు.

బండి కట్టించుకుని కర్నూలు పోయాను. పాత ఊర్లో సందులో సందు, అందులో తుపాకులు బాగుచేసే దుకాణం. కిరసనాయిలు వాసన. గడ్డం తెల్లబడిన సాయిబు ఒళ్లో ఏదో ఇనుప ముక్క పెట్టుకుని రాస్తున్నాడు. బండి తోలే మనిషి బయట అరుగు మీద కూర్చున్నాడు. నేను లైసెన్సు చూపించి, అందుబాటు ధరలో మంచిది ఒకటి కావాలన్నాను.

సాయిబు కాగితం వైపు కూడా చూడలేదు. తక్కెట్లోంచి తూకానికి వేసే వీశె గుండు తీసి నా చేతిలో పెట్టాడు.

"చెయ్యి బారు చాపు తల్లీ. నేను దించమనే దాకా దించొద్దు."

ఆయన తీరుబడిగా బీడీ ముట్టించుకుని సగం దాకా కాల్చాడు. నా చెయ్యి వణకలేదు. నీళ్లు తోడి, రాగులు విసిరి, ఎద్దుల పలుపు పట్టిన చెయ్యి అది. ఆయన తల ఊపాడు.

"చెయ్యి శానా బాగుండాది. ఇంక తుపాకి ఎట్లుండాదో చూస్తాం."

ముందు ఒక పెద్ద పిస్తోలు తీశాడు. పటాలం నుంచి వచ్చిన పాతది, ఆరు గుండ్లు పడతాయి, ధర నాకు అందుతుంది. అది ఉత్తదేనని తెరిచి చూపించి, గోడ వైపు పెట్టి నొక్కమన్నాడు. వేలు తెల్లబడిందే కానీ అది కదల్లేదు. రెండు వేళ్లు పెట్టి నొక్కితే టక్కుమంది.

"చూస్తివా? రెండు వేళ్లు పెడితే మూతి నేలకు దిగుతాది. వాడు బాగుంటాడు, నీ కాలి బొటనవేలు పోతాది."

రెండోది తీసేసరికి నా ప్రాణం దాని మీదికి పోయింది. అరచేతిలో ఇమిడేంత చిన్నది, తెల్లటి ఎముక పిడి. నా కమ్మలు అమ్మితే వచ్చేస్తుంది. ఇదే ఇమ్మన్నాను. సాయిబు ఇవ్వలేదు.

"దీని గుండ్లు జర్మనీ నుంచి రావాల. వాళ్లతో మన దొరలు యుద్ధం చేస్తాండారు. నా కాడ మూడే ఉండాయి, అవీ చిలుము పట్టినాయి. పేలితే పేలతాయి, లేకుంటే లేదు. నువ్వు నొక్కుతావు, అది టక్కంటాది, వాడు నవ్వుతాడు. ఆ మీద నువ్వేం చేస్తావు?"

మూడోది కొత్తది, దేనికీ వంక పెట్టలేము. ధర చెబితే నా ఎద్దుల జత కళ్ల ముందు కదిలింది. ఎద్దులు అమ్మితే చేను దున్నేదెవరని అడిగాను. అది తన వల్ల అయ్యే లెక్క కాదన్నాడు. నాకు కోపం ఆగలేదు. ఇంత దూరం బండి కట్టుకుని కొనడానికి వస్తే, కొనొద్దని చెప్పే దుకాణం ఇదొక్కటే చూశానని గట్టిగానే అన్నాను.

"ఆ చిన్నది అమ్మితే నాకు దుడ్లు వస్తాయి తల్లీ. దాన్ని నమ్ముకోని నువ్వు పోతే, ఆ పాపం నా గడప తొక్కుతాది. నాకూ ఆడబిడ్డలు ఉండారు."

తల తిప్పుకుంటే గోడ మేకుకు ఒక తోలు సంచి వేలాడుతూ కనిపించింది. ఇంజనీరు దొర నడుముకు ఉండేది సరిగ్గా అలాంటిదే. ఆ దొర పిస్తోలు బయటికి తీయగా నేను ఎన్నడూ చూడలేదు, నేనే కాదు మా ఊర్లో ఎవరూ చూడలేదు. అందరూ చూసింది సంచినే.

"ఆ సంచి ఎంత?" అన్నాను.

సాయిబు సంచిని చూశాడు, నన్ను చూశాడు, గడ్డంలో నవ్వాడు. దాని పిస్తోలు ఎప్పుడో పోయిందని, ఊరికే తీసుకుపొమ్మని అన్నాడు. ఊరికే తీసుకునే అలవాటు నాకు లేదు, డబ్బిచ్చాను. ఆయన దానికి నూనె రాసి మెరిపించి, ఎలా కట్టుకోవాలో చూపించాడు.

"ఎడమ పక్క కట్టుకో. గుండీ పెట్టే ఉండల్ల. మాటిమాటికీ తడుముకోవద్దు. ఉన్నోళ్లు తడుముకోరు."

సంచికి బరువు ఉండాలి కదా. నా ఇత్తడి అడకత్తెర అందులో అచ్చంగా సరిపోయింది. తమలపాకులూ వక్కలూ కొంగున, అడకత్తెర నడుమున. బండి ఎక్కేటప్పుడు బండి తోలే మనిషి నా నడుము వైపు ఒకసారి చూసి గబుక్కున తల తిప్పుకున్నాడు. మేము ఊరు చేరిన మర్నాటికి ఊరంతా తెలిసిపోయింది. నేను ఒక్క అబద్ధం ఆడలేదు. అందులో ఏముందని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

కోత రోజు కూలీలతో పాటు చేన్లోకి దిగాను. మరిది మనుషులు కొడవళ్లతో వచ్చి గట్టు మీద నిలబడ్డారు. నేను సంచి కనబడేటట్టు కొంగు దోపుకుని, వాళ్ల ఎదురుగా కూర్చున్నాను. నాకు గంటకోసారి ఆకువక్క పడాలి. వక్క కత్తిరించుకోవాలంటే పిస్తోలు బయటికి తీయాలి! పొద్దు వాలేదాకా నోరు పీక్కుపోతున్నా ఓర్చుకున్నాను. గట్టు మీది వాళ్లు కాసేపు గుసగుసలాడుకుని, ఒక్కొక్కరే జారుకున్నారు. ఒక్క కంకి పోకుండా జొన్నలు ఇంటికి చేరాయి. ఆ రాశి ముందు కూర్చుని నాలుగు ఆకులు ఒకేసారి వేసుకున్నాను.

తుపాకులున్న వాళ్లందరూ ఏడాదికోసారి తాలూకా కచేరీకి తెచ్చి చూపించాలి. ఆ రోజు నేనూ సంచి కట్టుకుని, అందరితో పాటే నందికొట్కూరు పోయాను. వాళ్లు కచేరీకి పోయారు, నేను హెడ్డు మామ ఇంట్లో భోంచేసి తిరిగొచ్చాను. రెండో కోత కూడా నేనే కోసుకున్నాను. ఇక చేను నాదేనని, నన్ను కాదనేవాడు పుట్టలేదని మహా ధీమాగా ఉన్నాను.

ఆ వేసవిలో ఒక పొద్దున మా మరిది మా ఇంటికి వచ్చాడు. నా భర్త పోయాక ఆ గడప తొక్కడం అదే మొదలు. మనిషి చిక్కిపోయాడు. ఊర్లో రెండు పార్టీలు కొట్టుకుని ఒక మనిషి చనిపోయిన సంగతి, దానికి మరిది సాక్షి అన్న సంగతి నాకు తెలుసు. మర్నాడే కర్నూలు కోర్టులో సాక్ష్యం. అవతలి వాళ్లు అతన్ని కాలువ వంతెన దాటనివ్వమని పంతం పట్టారు. అతని వైపు వాళ్లందరికీ ఆ పూట ఏదో ఒక పని పడింది.

"వదినా, నీ పిస్తోలు రెండు దినాలు ఈయి. నీ కాళ్లు పట్టుకుంటా."

నేను సంచి విప్పి అడకత్తెర తీసి అతని ముందు పెట్టాను. అతను దాన్ని చూశాడు. సంచి లోపల చెయ్యి పెట్టి వెతికాడు. నన్ను చూశాడు.

"ఇదేనా?"

"ఇదే."

"రెండు కోతలూ?"

"రెండు కోతలూ."

అంత గెలుపు నా జన్మలో ఎరగను. చావిడిలో నవ్వినదానికి వడ్డీతో సహా తీరిపోయిందనుకున్నాను. కానీ అతను నవ్వలేదు, తిట్టలేదు. అడకత్తెరను తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూశాడు. నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. సాక్ష్యానికి పోకపోతే వారంటు, పోతే వంతెన దగ్గర చావు. అడకత్తెర తీసుకుని మళ్లీ సంచిలో పెట్టి గుండీ పెట్టాను.

"లెయ్. బండి కట్టమని చెప్పు. నేనూ వస్తాండా."

వంతెన మీద నలుగురు కూర్చుని ఉన్నారు. పంచెల చాటున ఏమున్నాయో తెలుస్తూనే ఉంది. బండి నెమ్మదించింది. మరిది నాకు ఎదురుగా, తల వంచుకుని కూర్చున్నాడు. నేను బండి అంచుకు జరిగి, నడుము వాళ్ల వైపు తిప్పి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. గుండె ఎంత కొట్టుకుందో చెప్పను, నాకు సిగ్గు. నలుగురిలో పెద్దవాడు సంచిని చూసి, మెల్లగా లేచాడు.

"ఏమ్మా, కర్నూలుకా?"

"ఆ. కర్నూలుకే. ఎద్దులకు దావ ఇయ్యండప్పా."

ఇచ్చారు. బండి దాటింది. కర్నూలు కనబడుతుండగా మరిది తలెత్తాడు.

"వదినా, ఒక మాట అడుగుతా. ఆ పొద్దు నిజంగా పిస్తోలు కొనింటే నన్ను కాల్చేదానివా?"

లేదని చెప్పడం ఎంతసేపు! అతని మొహం చూస్తే అదే వినాలని ఉన్నట్టుంది. ఆ మూడు పిస్తోళ్లలో ఒక్కటైనా పనికొచ్చేదై నా చేతికి వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు.

"కాల్చేదాన్నే," అన్నాను.

అతను తల ఊపాడు. "రెండో కోతప్పుడు నిన్నే ఏసేయమని మా వాళ్లకు చెప్పింటి. వాళ్లకు ధైర్యం చాల్లేదు," అన్నాడు.

ఎండ మండిపోతోంది. ఆ మాట విని నాకు కోపం రాలేదు, అదే వింత. ఇంత నిజం మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

మర్నాడు అతను సాక్ష్యం చెప్పేదాకా నేను కోర్టు బయట కూర్చున్నాను. బండి తోలే మనిషి మళ్లీ ఆ వంతెన దాటే ధైర్యం లేక కర్నూల్లో కూతురింట్లో ఆగిపోయాడు. ఆ మర్నాడు పొద్దున్నే మా మరిది తానే ఎద్దుల్ని కట్టి, పగ్గాలు పట్టుకుని ముందు కూర్చున్నాడు. ఊరు చేరేదాకా, కాల్చేదాన్నేనని చెప్పిన నా వైపు వీపు పెట్టే కూర్చున్నాడు. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.